మూట కట్టే ముందు



కోనసీమలో పుట్టినవారికి కొండ అంటే దూరపు చుట్టం వంటిది. ఫిబ్రవరి నెలలో గుణదల మాత ఉత్సవానికి వెళ్లినప్పుడు మెట్లెక్కి పైనున్న సిలువ దగ్గరకు చేరడమే మనలో చాలామందికి తెలిసిన కొండయాత్ర. గౌతమి, వశిష్ఠ పాయల నడుమ, సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే మన ఊళ్లు ఉన్నాయి. అటువంటి మన విచారణల నుంచి కూడా ఈ రోజుల్లో చదువుకునే పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన యువతీ యువకులు హిమాలయాలలో కాలినడక యాత్రలకు బయలుదేరుతున్నారు. వీపున సంచి వేసుకుని, నాలుగైదు రోజులు కొండల మీద నడిచి, రాత్రిళ్లు అక్కడే పడుకుని తిరిగి వస్తారు. దీనిని వారు ట్రెక్కింగ్ అంటారు. "ఫాదర్‌గారూ, మావాడు వెళతానంటున్నాడు. పంపమంటారా?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు.

పంపండి. అయితే పంపే ముందు ఆ సంచిని మీరూ, మీ బిడ్డా కలిసి కూర్చుని ఒకసారి విప్పి చూడండి. అందులో బట్టలూ మందులూ మాత్రమే కాదు, మన విశ్వాస జీవితానికీ, కుటుంబ జీవితానికీ పనికివచ్చే పాఠం ఒకటి ఉన్నది. ఈ వారం దానిని గురించి ధ్యానిద్దాం.

కొండ వెన్ను మీద బాట

మన పిల్లలకు అందుబాటులో ఉన్న ఒక బాటను ఉదాహరణగా తీసుకుందాం. పశ్చిమ బెంగాల్‌లోని డార్జిలింగ్ జిల్లాలో సింగలీలా అనే కొండల వరుస ఉంది. పెంకుటింటి కొప్పులాగా రెండు వైపులా వాలు, మధ్యలో పొడవాటి అంచు. మన ఏటిగట్టు మీద నడుస్తుంటే ఒకవైపు గోదావరి, మరొకవైపు కొబ్బరితోటలు కనిపిస్తాయి గదా! అక్కడ ఒకవైపు మన దేశం, మరొకవైపు నేపాల్. మానేభంజన్ అనే చిన్న ఊరి దగ్గర నడక మొదలవుతుంది. తుమ్లింగ్, కాలీపోఖ్రీ అనే మజిలీలు దాటి, 3,636 మీటర్ల ఎత్తున ఉన్న సందక్‌ఫు చేరతారు. పశ్చిమ బెంగాల్ రాష్ట్రం మొత్తంలో అదే ఎత్తయిన చోటు. అక్కడి నుంచి కొండ అంచు వెంబడి మరొక ఇరవై కిలోమీటర్లు నడిస్తే ఫాలుట్ వస్తుంది. ఆకాశం తేటగా ఉన్న ఉదయాన, లోకంలోని అయిదు అత్యున్నత శిఖరాలలో నాలుగు, అంటే ఎవరెస్టు, కాంచనగంగ, ల్హోత్సే, మకాలు, ఆ బాట నుంచి కనిపిస్తాయి.

మనం ఇక్కడ పీల్చే గాలిలో ఉన్న ప్రాణవాయువుతో పోలిస్తే సందక్‌ఫు ఎత్తులో ఒక శ్వాసకు అందేది సుమారు మూడింట రెండు వంతులే. రాజమహేంద్రవరంలో రైలెక్కి, హౌరా మీదుగా న్యూ జల్‌పాయ్‌గురి చేరి, అక్కడి నుంచి జీపులో పైకి వెళ్లే కోనసీమ బిడ్డ రెండు మూడు రోజులలోనే సముద్రతీరం నుంచి మబ్బుల దాకా వెళతాడు. కాళ్లు వాహనంలో త్వరగా వెళ్లిపోతాయి గాని, రక్తం, ఊపిరితిత్తులు అంత త్వరగా అలవాటు పడవు. అందుకే ఈ యాత్ర బయలుదేరిన నాడు మొదలు కాదు. రెండు మూడు నెలల ముందే, ఇంటి దగ్గరే మొదలవుతుంది.

దేవుడు పిలిచాడు గదా అని...

"అంతా ప్రభువే చూసుకుంటాడు, మనం లెక్కలు వేయడమేమిటి?" అనే విశ్వాసులు ఉన్నారు. మాట వినడానికి భక్తిగానే ఉంటుంది. కాని యేసుప్రభువు అలా బోధించలేదు. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి, ఖర్చు లెక్కచూసుకోడా అని ఆయనే ప్రశ్నించారు (లూకా 14:28-30). గమనించండి, నిలబడి కాదు, కూర్చుండి. తొందరలో వేసే లెక్క లెక్క కాదు.

ఆ డార్జిలింగ్ దారిలోనే మన శ్రీసభ ఎరిగిన గొప్ప సంఘటన ఒకటి జరిగింది. 1946 సెప్టెంబరు 10న కలకత్తా నుంచి డార్జిలింగ్‌కు ధ్యానవడకం కోసం రైలులో ప్రయాణిస్తున్న ఒక లొరెటో మఠకన్యకు, నిరుపేదలలోని నిరుపేదలకు సేవ చేయమన్న పిలుపు వినిపించింది. ఆమే పునీత మదర్ థెరెసా. మరి ఆమె మరునాడే మురికివాడలోకి వెళ్లిపోయారా? లేదు. మేత్రాణులకు విన్నవించుకుని, రోమునుంచి అనుమతి కోసం దాదాపు రెండేళ్లు వేచి ఉన్నారు. 1948 ఆగస్టులో మఠం విడిచిన తరువాత కూడా నేరుగా పేదల దగ్గరకు కాదు, పాట్నాకు వెళ్లి, మెడికల్ మిషన్ సిస్టర్ల ఆసుపత్రిలో రోగులకు ఉపచారం చేయడం నేర్చుకున్నారు. తానూ తన సిస్టర్లూ అన్నం, ఉప్పుతోనే బ్రతకాలని ఆమె తలచినప్పుడు, అలా తింటే జబ్బుపడి ఎవరికీ సేవ చేయలేరని అక్కడి వైద్య సిస్టర్లు హెచ్చరించారు. ఆమె ఆ సలహాను స్వీకరించారు. సాక్షాత్తు దేవుని పిలుపు విన్న వ్యక్తి తన శరీరానికి ఏమి కావాలో అడిగి తెలుసుకున్నారంటే, ముందుచూపు అవిశ్వాసం ఎలా అవుతుంది?

ఈ సంగతి మనకు కొత్త కాదు. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన కోనసీమ వారికి హెచ్చరిక విలువ ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. గాలి లేవకముందే పిల్లలను గట్టి భవనంలోకి చేర్చిన తండ్రి విశ్వాసం తక్కువవాడు కాడు. దేవుడు తనకు ఇచ్చిన బుద్ధిని ఉపయోగించుకున్నవాడు.

తెలుగు బిడ్డలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడినప్పుడు లోకమంతా ఆశ్చర్యపోయింది. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. వారు సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు, పేద ఇళ్ల పిల్లలు. మనం ఫొటోలో శిఖరాన్ని చూశాం. దాని వెనుక భువనగిరి బండ మీద ఎక్కడం నేర్చుకున్న రోజులు, డార్జిలింగ్‌లోనూ లడఖ్‌లోనూ చలిలో పొందిన తర్ఫీదు ఉన్నాయి. ఫొటోకు ఒక్క నిమిషం చాలు. దాని వెనుక నెలల తరబడి విధేయత ఉంది.

సంచిలో ఏముంది?

ఇప్పుడు సంచి విప్పుదాం. మోసే బరువు మనిషి బరువులో అయిదవ వంతుకు మించకూడదని అనుభవజ్ఞులు చెబుతారు. అంటే అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలు. తక్కువైతే ఇంకా మంచిది. సందక్‌ఫు బాటలో రాత్రి బసకు ఇళ్లు, సత్రాలు ఉన్నాయి గనుక ఎనిమిది తొమ్మిది కిలోలతో సరిపెట్టుకోవచ్చు. నూలు బట్ట చెమటకు తడిసి ఆరదు, చలిలో ఒంటికి అంటుకుని వణికిస్తుంది. కాబట్టి ఉన్ని బట్టలు, వాన ఆపే పైకోటు, పొడి మేజోళ్లు రెండు జతలు, తలకు టోపీ, టార్చిలైటు, నీళ్ల సీసాలు, రోజువారీ మందులు, గుర్తింపు కార్డు ఉండాలి. సరిహద్దు ప్రాంతం గనుక కార్డు అడుగుతారు. స్థానిక గైడు తప్పనిసరి. వర్షాకాలంలో ఆ జాతీయ వనాన్ని మూసివేస్తారు గనుక ఏ నెలలో వెళ్లాలో కూడా ముందే చూసుకోవాలి. కొత్త బూట్లు వేసుకుని బయలుదేరినవాడి కాళ్లు రెండవ రోజుకే బొబ్బలెక్కుతాయి. నెల ముందునుంచీ ఆ బూట్లతోనే ఏటిగట్టు మీద నడవాలి. మొదట ఖాళీ వీపుతో, తరువాత సంచిలో బియ్యం మూట వేసుకుని. మనకు కొండలు లేవు, అయితేనేం, మేడమెట్లు ఉన్నాయి. రోజూ ఇరవైసార్లు ఎక్కి దిగితే మోకాళ్లకు తెలిసివస్తుంది.

సంచి సర్దేటప్పుడు ఒక వింత జరుగుతుంది. అవసరం కొద్దీ పెట్టుకునే వస్తువులు కొద్దిగానే ఉంటాయి. భయం కొద్దీ పెట్టుకునేవీ, నలుగురికీ చూపించుకోవడానికి పెట్టుకునేవీ ఎక్కువ. ఎడారిలో మన్నాను మరునాటికి దాచుకున్నవారికి పురుగులు పట్టిన వైనం మనకు తెలుసు (నిర్గమ 16:20). ప్రభువు తన శిష్యులను పంపుతూ సంచి, రొట్టె, రెండవ అంగీ కూడా వద్దన్నది (లూకా 9:3) వారిని ఇబ్బంది పెట్టడానికి కాదు. దారిలో ఒకరి ఇంట ఆతిథ్యం అడిగే వినయం వారికి నేర్పడానికి.

మన ఇళ్ల సంచులు కూడా ఒకసారి విప్పి చూద్దామా? పెండ్లి పందిరి ఎదుటివారికంటే పెద్దదిగా ఉండాలని చేసిన అప్పు, వాడని వస్తువుకు కడుతున్న వాయిదా, పదేళ్ల క్రితం గట్టు తగాదాలో అన్న మాటకు మోస్తున్న పగ. ఇవన్నీ బరువులే. ఎక్కడం మొదలుపెట్టాక వీటిని విసిరివేయడం కష్టం. ముందుగా కూర్చుండి చూసుకోవాలి. తపస్కాలంలో చేసే ఆత్మపరిశోధన, పాపసంకీర్తనం మరేమిటి? వీపున ఉన్న సంచిని గురువు ఎదుట దించి విప్పడమే.

పౌలుగారు గలతీ సంఘానికి రాసిన లేఖ ఆరవ అధ్యాయంలో ఒకరి భారాన్ని ఒకరు మోయాలని అంటారు. మూడు వచనాల తరువాత ఎవరి బరువు వారే మోయాలని అంటారు. ఇదేమిటి, రెండు నాలుకలా? కాదు. గ్రీకు మూలంలో రెండుచోట్ల రెండు వేరు మాటలు ఉన్నాయి. మొదటిది మనిషిని కుంగదీసే పెనుభారం. రెండవది బాటసారి తన వీపున వేసుకునే మూట. నీ మూట నువ్వు మోయి, నీ పొరుగువాడు కుంగిపోతుంటే అతని భారానికి భుజం పట్టు. కొండ మీద నడిచే ప్రతి బృందమూ ఈ నియమం మీదనే బ్రతుకుతుంది.

తలనొప్పి దాచవద్దు

ప్రియ పాఠకులారా, ఈ వారం మీకు చెప్పవలసిన అసలు మాట ఇది. కొండ మీద అన్నింటికంటే ప్రమాదకరమైనది పులీ కాదు, లోయా కాదు. దాచిన తలనొప్పి.

రెండున్నర వేల మీటర్లు దాటిన తరువాత ఎవరికైనా ఎత్తు జబ్బు రావచ్చు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం, నిద్ర పట్టకపోవడం దాని మొదటి గుర్తులు. కండలు తిరిగినవాడికి రాదనీ, ముసలివాడికే వస్తుందనీ నియమమేమీ లేదు. మూడు వేల మీటర్లు దాటాక, నిద్రపోయే చోటు ముందు రాత్రికంటే అయిదు వందల మీటర్లకు మించి ఎత్తు కాకుండా చూసుకోవాలి. మూడు నాలుగు రోజులకు ఒకరోజు విశ్రాంతి తీసుకోవాలి. గుర్తులు కనిపిస్తే ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గకపోగా ఎక్కువైతే కిందకు దిగాలి. అడుగులు తడబడినా, మాట పొంతన తప్పినా, కూర్చున్నా ఆయాసం ఆగకపోయినా తెల్లవారే దాకా ఆగకుండా అప్పుడే దించాలి. దిగడమే మొదటి మందు.

ఇంత తేలిక మందు ఉండగా ప్రాణాలు ఎందుకు పోతాయి? చెప్పకపోవడం వల్ల. "నావల్ల అందరి యాత్ర చెడిపోతుంది", "నన్ను చూసి నవ్వుతారు", "ఇంత డబ్బు పోసి వచ్చాను." ఈ మూడు ఆలోచనలే మనిషి నోరు నొక్కుతాయి. అందుకే తెలిసిన నాయకుడు ప్రతి సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ అడుగుతాడు: తల నొప్పిగా ఉందా, అన్నం సహించిందా, నిద్ర పట్టిందా? చెప్పినవాడిని ఎవరూ ఎగతాళి చేయకూడదన్నది బయలుదేరకముందే చేసుకునే ఒప్పందం.

ఇప్పుడు మన ఇళ్లలోకి రండి. రొయ్యల చెరువులో నష్టపోయిన తండ్రి నూటికి ఎంత వడ్డీకి తెచ్చాడో భార్యకు తెలియదు. కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఇంటిపని చేస్తున్న తల్లి తన ఒంట్లో బాగాలేదని ఫోనులో పిల్లలకు చెప్పదు. హైదరాబాదులో చదువుతున్న కొడుకు పరీక్ష తప్పిన సంగతి ఏడాదిగా దాస్తున్నాడు. అత్తింటిలో దెబ్బలు తింటున్న కూతురు "బాగానే ఉన్నాను నాన్నా" అంటుంది. అందరూ ఆదివారం పూజకు వచ్చి ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఒకరి తలనొప్పి ఒకరికి తెలియదు. పెను నష్టం జరిగిన తరువాత సమాధి దగ్గర నిలబడి, "ఒక్క మాట ముందు చెప్పి ఉంటే!" అని ఏడుస్తాం.

దాచుకున్నవారిని నిందించడం సులువు. కాని వారు చెప్పుకోగలిగే చోటు మన ఇంట్లో ఉందా? మార్కులు తగ్గాయని చెప్పిన బిడ్డకు మొదట దొరికింది దెబ్బా, ఓదార్పా? నష్టం చెప్పుకున్న భర్తకు ఎదురైంది ఎత్తిపొడుపా, ఆలోచనా? నవ్వే ఇంట్లో ఎవరూ నోరు విప్పరు.

పునీత పియెర్ జార్జియో ఫ్రస్సాతి గారి సంగతి కూడా ఇక్కడ తలచుకోదగినది. ఇటలీ దేశపు తూరిన్ నగరంలో 1901లో పుట్టిన ఈ యువకుడు కొండలన్నా, పేదలన్నా ప్రాణం పెట్టేవాడు. స్నేహితులతో ఆల్ప్స్ పర్వతాలెక్కి, దారిలో జపమాల చెప్పేవాడు. 1925 జూలైలో, ఇరవైనాలుగో ఏట, పోలియో సోకి కొద్ది రోజులలోనే మరణించాడు. అప్పుడే ఇంట్లో అమ్మమ్మ మరణశయ్య మీద ఉంది. ఆ దుఃఖంలో బలిష్ఠుడైన కుర్రవాడి నీరసాన్ని మొదట ఎవరూ పట్టించుకోలేదు. పడిపోతున్న చేతితోనే అతడు ఒక పేద రోగికి అందవలసిన మందు గురించి చీటీ రాశాడు. 2025 సెప్టెంబరు 7న 14వ లియో పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు. మన ఇంట్లో కూడా నవ్వుతూ అందరి పనులూ చేసిపెట్టే బిడ్డ ఒకరుంటారు. బలంగా ఉన్నట్టు కనిపించేవారిని కూడా అడగండి.

వెనుకనున్నవాడి అడుగు

బృందంలో ఎవరి వేగంతో నడవాలి? ముందున్నవాడి వేగంతో కాదు, అందరికంటే నెమ్మదిగా నడిచేవాడి వేగంతో. ఇది బైబిలు గ్రంథంలోనే ఉంది. ఏసావు తనతో కలిసి త్వరగా నడవమన్నప్పుడు, యాకోబు తన పిల్లలు లేతవారనీ, పాలిచ్చే పశువులను ఒక్కరోజు తొందరపెట్టినా మంద చచ్చిపోతుందనీ చెప్పి, వారి అడుగుకు తగినట్లు మెల్లగా వస్తానన్నాడు (ఆదికాండము 33:13-14). ఒకప్పుడు అందరినీ మించిపోవాలని పరుగెత్తిన యాకోబు అతడే. నెమ్మదిగా నడవడం నేర్చుకున్నాకే మంచి తండ్రి అయ్యాడు.

కొండ ఎవరి పేరూ చూడదు. నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల శిఖరాలను 172 రోజులలో ఎక్కి దేశానికి పేరు తెచ్చారు. అంతటి అనుభవజ్ఞుడు 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా వెళ్లి కనిపించకుండా పోయారు. ఏప్రిల్‌లో ఆయన మృతదేహం దొరికింది. ఆ ధీరుని పట్ల గౌరవంతోనే మన పిల్లలకు చెబుదాం: ఒంటరిగా వెళ్లవద్దు. ఏ రోజు ఎక్కడ ఉంటారో ఇంట్లో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఎన్ని గంటలకు, ఏ గుర్తు కనిపిస్తే వెనక్కి తిరగాలో కిందనే నిర్ణయించుకోండి. పైకి వెళ్లాక ఆశ నిర్ణయిస్తుంది, బుద్ధి కాదు. వెనక్కి తిరిగినవాడు ఓడిపోలేదు. ప్రాణం దేవునిదని ఒప్పుకున్నాడు.

ఏలీయా ప్రవక్త అలసి, చావు కోరుకుని చెట్టుక్రింద పడుకున్నప్పుడు దేవదూత అతనిని మందలించలేదు. లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఒకసారి చాలక రెండవసారి కూడా లేపి తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పాడు. ఆ బలంతో ప్రవక్త నలువది దినాలు నడిచి దేవుని కొండయైన హోరేబు చేరాడు (1 రాజులు 19:4-8). అతడు తన నీరసాన్ని దాచలేదు. అందుకే రొట్టె దొరికింది. ప్రతి ఆదివారం దివ్యసత్ప్రసాదం మనకు అటువంటి దారిబత్తెమే. బలవంతులకు ఇచ్చే బహుమతి అనుకుని దూరంగా ఉండకండి.

దిగి వచ్చే కొండ

దివ్యరూపధారణ కొండ మీద పేతురుకు దిగాలనిపించలేదు. మూడు గుడారాలు వేసుకుని అక్కడే ఉండిపోదామన్నాడు. ప్రభువు మాత్రం శిష్యులను దించుకుని వచ్చారు. కింద మూర్ఛరోగంతో ఉన్న ఒక బిడ్డ, ఏడుస్తున్న ఒక తండ్రి వారికోసం ఎదురుచూస్తున్నారు (లూకా 9:28-42). ఏ కొండయాత్ర అయినా ఇంటికి దిగి వచ్చి, అక్కడి నొప్పిని మరింత బాగా చూడగలిగినప్పుడే సఫలం.

కాబట్టి తల్లిదండ్రులారా, మీ బిడ్డ వెళతానంటే భయపడి ఆపవద్దు, మురిసిపోయి వదిలేయవద్దు. డాక్టరుకు చూపించండి. సంచి కలిసి సర్దండి. తోడు వెళ్లేవారి తల్లిదండ్రులతో మాట్లాడండి. యువతీ యువకులారా, మీ గైడు మాటను మీ గురువు మాటలా వినండి. ఆ కొండల మీద కాగితం ముక్క కూడా పారవేయకండి.

కొండకు వెళ్లేవారు లేని ఇళ్లకు కూడా ఒక పని చెబుతాను. ఈ వారం ప్రతి రాత్రీ కుటుంబ జపమాల ముగిశాక లేవకుండా అయిదు నిమిషాలు కూర్చోండి. ఇంటి పెద్ద ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, "ఈ రోజు నీకు ఏది బరువుగా ఉంది?" అని అడగాలి. చివరకు ఇంటి పెద్దను చిన్నబిడ్డ అడగాలి. జవాబు చెప్పినవారిని ఎవరూ నవ్వకూడదు, వెంటనే నీతి చెప్పకూడదు. ముందు వినండి. మొదటి రెండు రోజులు ఎవరూ ఏమీ చెప్పకపోవచ్చు. మూడవ రోజు కూడా అడగండి.

ఎలిజబెతమ్మకు తోడుగా ఉండడానికి కొండసీమకు త్వరపడి నడిచిన మరియమాత మన పిల్లల అడుగులను, మన ఇళ్ల దాచిన బాధలను తన కుమారుని సన్నిధికి చేర్చునుగాక. సర్వశక్తిగల సర్వేశ్వరుడు, పిత, పుత్ర, పవిత్రాత్మ మిమ్మును దీవించునుగాక. ఆమెన్.